ఫ్యాన్‌లో ఆకుపచ్చ ఉన్ని

కారు నిలిపే చోటు దగ్గరే గొడవ మొదలైంది. గుడ్రున్ స్ట్రీబెల్ తన ముసలి కారును ముందుకీ వెనక్కీ నడిపి, సందర్శకుల కోసం గీసిన గీతల మధ్యకు తెచ్చేలోపు, వెనక నుంచి రయ్యిమని వచ్చిన నల్లకారు ఒకటి ఆ జాగాలో దూరిపోయింది. అందులోంచి దిగిన పెద్దమనిషిని చూడగానే ఆవిడకు ఒళ్ళు మండింది. డాక్టర్ టార్బెన్ క్వాస్ట్. యంత్రం ఏదైనా పాడైతే ఎందుకు పాడైందో బీమా కంపెనీ తరఫున తేల్చే నిపుణుడు. పోయినేడాది ఒక బేకరీలో పొయ్యి తగలబడితే అది యజమాని బావమరిది పనేనని ఘంటాపథంగా చెప్పిన మేధావి ఈయనే. అసలు దోషి వైరు కొరికిన ఎలుక అని డిటెక్టివ్ గుడ్రున్ నిరూపించింది. అప్పట్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"ఆ చోటు నాదండీ, డాక్టరు గారూ."

"మీ పేరు రాసుందా మేడమ్? నాకు కనబడలేదే!"

"మీకు కనబడనివి చాలానే ఉంటాయి లెండి. ఎలుకలూ గట్రా."

క్వాస్ట్ మొహం మాడ్చుకున్నాడు. కారు వెనక సీట్లో పొడుగాటి ఒళ్ళూ పొట్టి కాళ్ళూ ఉన్న కుక్క ఒకటి, ఏదో ఆకుపచ్చ ఉన్నిగుడ్డలో ముడుచుకుని పడుకుని, వీళ్ళిద్దరి వంకా విసుగ్గా చూసింది.

"పాపం, ఫిబ్రవరి చలిలో కుక్కని కారులో వదిలేసి పోతారా?"

"మా ముస్కాట్‌కి వెచ్చగా పక్క వేశాను. దాని సంగతి నేను చూసుకుంటాను, మీరు మీ మోకాళ్ళ సంగతి చూసుకోండి. ఇక్కడ లిఫ్టు లేదు."

గుడ్రున్ పక్కవీధిలో కారు పెట్టి, మెట్టుకో తిట్టు చొప్పున తిట్టుకుంటూ మొదటి అంతస్తుకు చేరింది. తలుపు దగ్గర కంపెనీ యజమాని ఊవె క్రామ్ రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు. యాభై ఏళ్ళవాడు, పాతికేళ్ళవాడి బూట్లు వేసుకున్నాడు.

"రా గుడ్రున్, రా! మా ఆఫీసులో అందరం 'నువ్వే'. మీరూ గీరూ లేవు."

"నాకు నువ్వు అనాలంటే కనీసం పదేళ్ళ పరిచయం కావాలండీ. ముందు జరిగింది చెప్పండి."

ఊవె చెప్పింది ఇది. అతని కంపెనీ తయారుచేసేవి మామూలు ల్యాప్‌టాప్‌లు కావు. బొమ్మల సినిమాలు తీసేవాళ్ళు, వంతెనల లెక్కలు కట్టేవాళ్ళు, బల్ల కింద పెట్టుకునే పెద్ద కంప్యూటర్ చేసే పనంతా ఒళ్ళో పెట్టుకుని చేసుకోవడానికి కొనే యంత్రాలు. ఇలాంటి వాటికి వేగం పెంచడం ఎంతసేపు? కరెంటు ఎక్కువ పోస్తే చాలు. కాకపోతే పోసిన కరెంటంతా వేడయి కూర్చుంటుంది. ఆ వేడిని లోపలి రాగి గొట్టాలూ, రెండు బుల్లి ఫ్యాన్లూ బయటికి తోలలేకపోతే, వంద డిగ్రీలు తాకగానే చిప్ తనంతట తనే నడక తగ్గించుకుని కాళ్ళీడుస్తుంది. కొత్త మోడల్ పేరు గ్రానైట్. పోట్స్‌డామ్‌లోని సినిమా కంపెనీ ఒకటి రెండు వందలు కొంటానంది, ఒక్కటే షరతు మీద. తామిచ్చిన బరువైన బొమ్మల దృశ్యాన్ని గ్రానైట్ లెక్కకట్టి, గీసి, ఎనిమిది నిమిషాల్లో పూర్తిచెయ్యాలి.

"రోజూ చేసింది గుడ్రున్! అయ్యో... చేసిందండీ. మూడు వారాలు రోజూ పరీక్ష పెట్టాను. ఒక్కరోజు తప్పలేదు. సాక్షాత్తూ క్వాస్ట్ గారే వచ్చి, పక్కనే కూర్చుని, ధ్రువీకరించి వెళ్ళారు. తీరా మొన్న సినిమావాళ్ళ ఎదుట పెట్టేసరికి హోరుమని అరిచి, సగం దూరంలో చతికిలబడి, పావుగంటకి గానీ ముగించలేదు. నా పరువు గంగలో కలిసింది."

"ఎవరి మీద అనుమానం?"

ఊవె గొంతు తగ్గించాడు. "ఇల్కా. దానికి వేడి లెక్కలన్నీ కట్టింది తనే. నూట పది వాట్లకి మించి పొయ్యొద్దని పట్టుబట్టింది. నేను నూట యాభై అన్నాను. అందరి ముందూ గొడవయింది. పరీక్ష ముందురోజు సాయంత్రం ఒక్కతే కూర్చుని దాని అడుగు మూత విప్పిందట. తన మాటే నెగ్గాలని ఏదో చేసింది. పైగా నన్నిప్పుడు 'మీరు' అంటోందండీ! ఆరేళ్ళు నువ్వు అన్న పిల్ల! తప్పు ఒప్పుకున్నట్టు కాదూ?"

"కాదు. మీ మీద మనసు విరిగినట్టు."

ఊవె మాట మార్చాడు. మూడింటికి సినిమావాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఆ లోపల ఇల్కా తనంతట తాను రాజీనామా ఇచ్చి వెళ్ళిపోవాలి, లేకపోతే పోలీసు కేసు. యంత్రాన్ని కావాలని పాడుచేసిందన్న పేరు ఒకసారి పడితే ఈ పనిలో ఆమెను గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళుండరు. గుడ్రున్ గోడ గడియారం చూసింది. పదకొండు దాటింది.

వసారాలో రోస్‌విటా ఆవిణ్ణి పట్టుకుంది. ఆఫీసులో కాఫీపొడి దగ్గర్నుంచి తాళాల గుత్తి దాకా అన్నీ చూసే మనిషి. నడుం మీద చేతులేసుకుని దారికడ్డంగా నిలబడింది.

"మీరు డిటెక్టివా? అయితే ముందు నా శాలువా వెతికిపెట్టండి."

"ఏ శాలువా అమ్మా?"

"మేకబొచ్చు శాలువా. ఆకుపచ్చది. కొండల్లో ఉండే మా అక్క అల్లింది. ఒక మూల చిరిగితే ఎర్ర దారంతో నేనే కుట్టుకున్నాను. ఆ పరీక్షల గదిలో కుర్చీకి వేలాడేస్తే మూడు వారాల కిందట మాయమైంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళుండి ఏం లాభం? మా ఊవెకి చెబితే నవ్వాడు. ల్యాప్‌టాప్‌కి చలిజ్వరం వస్తే మాత్రం ఊరంతా డిటెక్టివ్‌లు!"

"చలిజ్వరం కాదు, వేడి," అంది గుడ్రున్.

"ఏదో ఒకటి."

ఇల్కా డోర్న్ వంటగదిలో దొరికింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, ఆకుపచ్చ స్వెటరు. ముందున్న రొట్టె మీద వెన్న రాసి అలాగే వదిలేసింది.

"మీరూ నన్నే అనుమానిస్తున్నారా?"

"నేను ఇంకా మెట్లెక్కిన ఆయాసంలోనే ఉన్నాను. ముందురోజు మూత ఎందుకు విప్పావమ్మా?"

"దుమ్ము దులపడానికి. పెళ్ళిచూపుల ముందు మొహం కడగమా? అంతే. ఫ్యాన్ రెక్కల దగ్గర ఆకుపచ్చ పీచు కొంచెం కనబడింది. నా స్వెటరుదే అనుకుని బ్రష్‌తో దులిపాను. పూర్తిగా పోయినట్టు లేదు. ఇప్పుడు ఆ డాక్టరు గారు అదే చేత్తో పట్టుకుని, ఫ్యాన్ ఊపిరాడకుండా నేనే ఉన్ని కుక్కానంటున్నారు."

"ఆ పీచుకి యంత్రం సగానికి సగం పడిపోతుందా?"

ఇల్కా మొదటిసారి కోపంగా తల ఎత్తింది. "మహా అయితే ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు. నేను కింద, గాలి వేడిని కావలసినంత పెట్టుకోగలిగే పరీక్ష పెట్టెలో పెట్టి కొలిచాను. ఇరవై ఒకటి, ముప్ఫై, ముప్ఫై అయిదు డిగ్రీల గాలిలో. ఎలా చూసినా నూట పదిని మించితే ఫ్యాన్లు తోలలేవు. పైన మాత్రం నూట యాభై దర్జాగా నడుస్తోంది. అందరూ నవ్వారు. నా పెట్టే తప్పు కొలుస్తోందేమోనని మూడుసార్లు విప్పి బిగించాను. నాకే చేతకాదేమో అనుకున్నానండీ. రాత్రుళ్ళు నిద్రపట్టలేదు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పాడుచేశానన్నందుకు కాదు, దానికన్నా అదే ఎక్కువ బాధ."

గుడ్రున్‌కు ఆ పిల్ల మీద చటుక్కున ఇష్టం కలిగింది. పనిని ఇంతగా పట్టించుకునేవాళ్ళు పనిని పాడుచెయ్యరు. అయితే ఇష్టం సాక్ష్యం కాదు. హ్యాండ్‌బ్యాగులోంచి సెలోటేపు తీసి, ఇల్కా స్వెటరు చేతికి నొక్కి, లాగి చూసింది. ఒక్క పోగు రాలేదు.

"నూలుదా?"

"అవును. ఉన్ని నాకు దురద."

"చాలు. రొట్టె తిను. ఖాళీ కడుపుతో ఎవరూ నిర్దోషిలా కనబడరు."

పరీక్షల గదిలో క్వాస్ట్ అప్పటికే కొలువుదీరి ఉన్నాడు. పల్చటి ఖరీదైన చొక్కా, చేతిలో వేడిని రంగుల్లో చూపించే కెమెరా. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద గ్రానైట్, కిటికీ గట్టు మీద మట్టికుండీలో కత్తుల్లాంటి ఆకుల మొక్క. ఎదురుగోడకు గదిని వెచ్చబెట్టే వేడినీళ్ళ రేడియేటరు, దాని నెత్తిన థర్మామీటరు. ఇరవై ఒక డిగ్రీలు.

"మీరు రావడం దండగ," అన్నాడు క్వాస్ట్. "కేసు ముగిసింది. ఇదిగో ఫ్యాన్‌లోంచి నేనే తీసిన ఉన్ని. ఇక బల్ల మీద చూడండి, గాలి పీల్చే కన్నాల పక్కనే గుండ్రటి నీటి మరక. గ్లాసు పెట్టారు, నీళ్ళు ఒలకబోశారు. ఉన్ని, నీళ్ళు, కడుపుమంట. మూడూ ఒక్క మనిషి దగ్గరే ఉన్నాయి."

"నీళ్ళు లోపలికి పోయాయా?"

"ఆరిపోయి ఉంటాయి."

"మీ ఎలుకలాగే, కనబడకుండా," అంది గుడ్రున్ వంగుతూ. మరక నిజంగానే గుండ్రంగా ఉంది, గ్లాసుకు మాత్రం మరీ పెద్దది. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి పదీ పదిహేను గుండ్రాలు. ఆవిడ లేచి కిటికీ గట్టు మీది మొక్కను చూసింది. గదివైపు ఆకులు నిగనిగలాడుతున్నాయి. కిటికీ వైపువి మెత్తబడి, నల్లబారి ఉన్నాయి. వెచ్చటి గదిలో మంచు తగిలిన మొక్క!

"ఈ కుండీ కొంచెం పట్టండి."

"నేను నిపుణుణ్ణి, తోటమాలిని కాను."

ఆవిడే రొప్పుతూ కుండీని ఎత్తి మరక మీద దించింది. అంగుళం తేడా లేకుండా అతికింది.

"ఇప్పుడు చెప్పండి, కుండీ గట్టు దిగి బల్ల మీదికి ఎందుకొస్తుంది? షికారుకా?" గుడ్రున్ కిటికీ పిడి తిప్పి లాగింది. తలుపు గది లోపలికి తెరుచుకుంది. కుండీ గట్టు మీదే ఉంటే తెరుచుకోదు. రివ్వున దూసుకొచ్చిన చలిగాలి సూటిగా గ్రానైట్ నెత్తిన పడింది. ఎదురుగోడ మీది థర్మామీటరు మాత్రం రేడియేటరు వెచ్చదనంలో హాయిగా ఇరవై ఒకటి దగ్గరే ఉంది.

క్వాస్ట్ చొక్కా చేతులు గబగబా కిందికి లాక్కున్నాడు. "మూసెయ్యండి!"

గుడ్రున్ మూసి, రోస్‌విటాను కేకేసింది. వెనకే ఊవె, ఇల్కా వచ్చారు.

"రోస్‌విటా గారూ, ఈ కిటికీ తెరిచేది ఎవరు?"

"నేనే! ఇంకెవరికి పట్టింది?" రోస్‌విటా ఛాతీ విరుచుకుంది. "బార్లా తెరవాలి, పది నిమిషాలు ఉంచాలి, మూసెయ్యాలి. అప్పుడే గదికి ఆరోగ్యం. కొంతమంది పొద్దస్తమానం ఓరగా తీసిపెట్టుకుంటారు, వాళ్ళకి బుద్ధిలేదు. గోడలకి బూజు పడుతుంది. పదింటికి అందరూ టిఫిన్ రొట్టెల కోసం వంటింట్లో చేరతారుగా, అప్పుడు గది ఖాళీ. కుండీ దించుతాను, తెరుస్తాను, వెళ్ళి కాఫీ తాగొచ్చి మూస్తాను. వాళ్ళొచ్చేసరికి గాలి శుభ్రం. మళ్ళీ ఒంటిగంటకి ఒకసారి."

గుడ్రున్ ఊవె వైపు తిరిగింది. "మీరు రోజూ పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టేవారు?"

"పదింటికి," అన్నాడు ఊవె. "మీట నొక్కి రొట్టె తినడానికి పోయేవాణ్ణి. వచ్చేసరికి అయిపోయేది."

"సినిమావాళ్ళు వచ్చిన రోజు?"

"ఆ రోజు నన్ను కిటికీ ముట్టుకోనివ్వలేదు!" రోస్‌విటా మూతి ముడిచింది. "ఆ వచ్చినాయన మెడ పట్టేసి, మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. గాలి తగిలితే చచ్చిపోతానన్నాడు. మర్యాద కోసం తెరవొద్దని మా ఊవె ఆర్డరు. పదిహేనేళ్ళలో కిటికీ తెరవని రోజు అదొక్కటే."

ఇల్కా నెమ్మదిగా కుర్చీలో కూలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వో ఏడుపో తెలియకుండా ఉంది. "గడ్డకట్టే గాలి! గడ్డకట్టే గాలి పీలుస్తోంది! నేనేమో మూడుసార్లు పెట్టె విప్పాను!"

"ఊహాగానం," అన్నాడు క్వాస్ట్.

"అయితే పెట్టండి పరీక్ష," అంది గుడ్రున్.

పెట్టారు. కిటికీ మూసి, నూట యాభై వాట్లతో. గ్రానైట్ కాసేపు ఉత్సాహంగా పరిగెత్తింది. తెర మీద అంకె తొంభై, తొంభై అయిదు, వంద తాకింది. ఫ్యాన్లు చెవులు చిల్లులు పడేట్టు అరిచాయి. తర్వాత చిప్ అలిగి కూర్చుంది. మొన్నటిలాగే పావుగంట. దాన్ని చల్లారనిచ్చి, కుండీ దించి, కిటికీ బార్లా తెరిచి రెండోసారి నడిపారు. అంకె ఎనభై దాటలేదు. ఎనిమిది నిమిషాల లోపే దృశ్యం పూర్తయింది. అప్పటికి ఊవె ముక్కు ఎర్రబడింది, క్వాస్ట్ పళ్ళు టకటకలాడుతున్నాయి, రోస్‌విటా మాత్రం గాలి గుండెల నిండా పీల్చుకుంటూ నిలబడింది.

"అంటే ఎవరూ పాడుచెయ్యలేదు," అంది గుడ్రున్. "ఇది మొదట్నుంచీ అంతే. కిటికీ చేసిన పనికి మీరు ల్యాప్‌టాప్‌ని మెచ్చుకున్నారు."

కేసు అక్కడితో తెమిలేదే. అప్పుడే క్వాస్ట్ కోటు వేసుకుని, గొంతు సవరించుకుని, తాపీగా ముందుకొచ్చాడు.

"బాగుంది మేడమ్. చప్పట్లు. ఒక చిన్న సంగతి మరిచిపోయారు. మూడు వారాల కిందట ఈ యంత్రాన్ని నేను ధ్రువీకరించాను. మొదట్నుంచి చివరిదాకా ఇదే కుర్చీలో కూర్చున్నాను. కిటికీ మూసే ఉంది. గది ఇరవై ఒక డిగ్రీలు. అయినా ఎనిమిది నిమిషాల్లోపే ముగించింది. నా సంతకం ఉంది. కాబట్టి ఆ రోజు యంత్రం బ్రహ్మాండంగా ఉంది, ఆ తర్వాతే ఎవరో దాన్ని పాడుచేశారు. ఎవరి చేతిలో ఉన్ని ఉందో మనందరికీ తెలుసు."

ఇల్కా మొహంలోకి వచ్చిన రంగు మళ్ళీ పోయింది. ఊవె అటూ ఇటూ చూశాడు. "క్వాస్ట్ గారు సంతకం పెట్టారంటే మరి..." అని గొణిగాడు.

"రోస్‌విటా గారూ, ఆ రోజు కిటికీ తెరిచారా?"

"రోజూ తెరుస్తాను. పళ్ళు తోముకున్నది ఏ రోజుకారోజు గుర్తుపెట్టుకుంటామా? అసలు ఈయన వచ్చినట్టే నాకు గుర్తులేదు."

"చూశారా!" క్వాస్ట్ చంకలు గుద్దుకున్నాడు. "ఆవిడకి గుర్తులేదు, నాకు గుర్తుంది. చట్టం గుర్తున్నవాళ్ళ మాట వింటుంది. ఆ పిల్ల చేత రాజీనామా మీద సంతకం చేయించండి ఊవె. మూడింటికి కొత్త యంత్రం పెట్టుకోవచ్చు."

గుడ్రున్ క్వాస్ట్ తీసిన ఉన్నిని ప్లాస్టిక్ సంచీలోనే వెలుతురుకి పట్టుకుని చూసింది. పొడుగాటి, బిరుసు పోగులు. నూలు స్వెటరుకు ఏడు జన్మలెత్తినా రాలేవి. ఆ పోగులను మించి ఆవిడ బుర్రలో మరొకటి మెదులుతోంది, పొద్దున పార్కింగ్ దగ్గర చూసింది. ఆవిడ మొహంలోకి ఎక్కడలేని దయ వచ్చింది. ఆ దయ చూసినవాళ్ళెవరైనా పారిపోవాలి. క్వాస్ట్‌కు ఆవిణ్ణి ఎప్పుడూ సరిగ్గా చూసే అలవాటు లేదు.

"మీ మాటకి తిరుగులేదు డాక్టరు గారూ, ఓడిపోయాను. ఒక్కటే దిగులు. మీ ముస్కాట్ ఇంకా కారులోనే ఉంది. రెండు గంటలైంది. ఇక్కడి జనం సంగతి తెలుసుగా, కుక్క వణుకుతూ కనబడిందా, నిమిషంలో పోలీసులకి ఫోన్ కొడతారు."

క్వాస్ట్ మొహంలో నిజంగానే కంగారు కనబడింది. మనుషుల సంగతి ఎలా ఉన్నా కుక్క అంటే ఆయనకు ప్రాణం. "అయ్యో, నా తల్లీ!" అంటూ రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు.

"ఎందుకు పంపారు?" అంది ఇల్కా.

"చలేస్తుందమ్మా, మూగజీవానికి. రోస్‌విటా గారూ, మీరు ఇక్కడే ఉండండి. ఒంటిగంట అవుతోంది, కిటికీ టైము."

క్వాస్ట్ వచ్చాడు. ఒళ్ళో ముస్కాట్. మెడ దగ్గర్నుంచి తోక దాకా ఆకుపచ్చ ఉన్నిలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు పొదివి పట్టుకుని తెచ్చాడు. ఒక మూల ఎర్ర దారపు కుట్లు వేలాడుతున్నాయి.

రోస్‌విటా వేసిన కేకకు పక్కగదిలో ఎవరిదో కప్పు పడి పగిలింది.

"నా శాలువా! కుక్కకా! మా అక్క అల్లిన శాలువా కుక్కకా!"

"ఏ... ఏ శాలువా?" క్వాస్ట్ తేలు కుట్టిన దొంగలా కిందికి చూసుకున్నాడు. రోస్‌విటా ఒక కొస పట్టి లాగింది. ముస్కాట్ రెండో కొస పళ్ళతో పట్టుకుని గుర్రుమంది. గుడ్రున్ ఆ లాగులాటలోనే సెలోటేపు ఒకసారి నొక్కి తీసింది. టేపు నిండా పొడుగాటి బిరుసు పోగులు. ఫ్యాన్‌లోంచి తీసిన ఉన్ని పక్కన పెట్టి అందరికీ చూపించింది.

"కుర్చీకి ఉంది... ఎవరిదో తెలియలేదు... చలేసింది, కప్పుకున్నాను," అన్నాడు క్వాస్ట్. "వెళ్ళేటప్పుడు మరిచిపోయి అలాగే వెళ్ళిపోయాను. దొంగతనం కాదు!"

"దొంగతనం ఎవరన్నారండీ?" గుడ్రున్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక్క సంగతి చెప్పండి చాలు. కిటికీ మూసుంది, గది ఇరవై ఒక డిగ్రీలుంది. మరి మీకు చలెందుకేసింది?"

క్వాస్ట్ ముస్కాట్ వీపు నిమరసాగాడు.

"నేను చెప్పనా? రోస్‌విటా గారు కిటికీ తెరిచి కాఫీకి వెళ్ళాక మీరొచ్చారు, ఆవిడ తిరిగొచ్చేలోపే ముగించి వెళ్ళిపోయారు. మీ ఎదుటే కిటికీ తెరిచి ఉంది. లేచి మూసి, పరీక్ష మళ్ళీ మొదట్నుంచి పెట్టాలి. అంత ఓపిక లేదు. శాలువా కప్పుకుని, యంత్రం పక్కనే కూర్చుని, గది మూసి ఉందని సంతకం పెట్టారు. మీ ఒంటి మీది పోగుల్నే ఫ్యాన్ పీల్చుకుంది. మొన్న యంత్రం చతికిలబడగానే మీకు విషయం అర్థమైంది. అప్పుడు ఈ పిల్ల స్వెటరు రంగు కలిసొచ్చింది."

ఇల్కా లేచి క్వాస్ట్ ఎదురుగా వెళ్ళి నిలబడింది. కొడుతుందేమోనని ఊవె భయపడ్డాడు. ఆమె కొట్టలేదు. "నాకు చేతకాదని నేనే నమ్మేలా చేశారు," అంది. "శాలువా సంగతి రోస్‌విటా చూసుకుంటుంది. నేను మాత్రం దీన్ని ఎప్పటికీ మరిచిపోను." క్వాస్ట్ తల దించుకున్నాడు. శాలువా పోయిన ముస్కాట్ వణికింది, ఇల్కాయే దాన్ని తీసుకెళ్ళి రేడియేటరు పక్కన కూర్చోబెట్టింది.

ఊవె ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇల్కా, నువ్వు నన్ను క్షమించాలి. అంతా సర్దుకుంది! మూడింటికి వాళ్ళొస్తారు. సరిగ్గా మొదలుపెట్టే ముందు కిటికీ..."

"ఏమన్నారు మీరు?" అంది ఇల్కా. ఆ 'మీరు' విని ఊవె అక్కడే ఆగిపోయాడు.

"పది నిమిషాలే కదా! రెండు వందల యంత్రాలు! ఆర్డరు పోతే కంపెనీ మూసుకోవాలి, నువ్వూ నేనూ రోడ్డున పడతాం!"

"ఆ యంత్రాలు ఎండాకాలం కూడా నడుస్తాయి. అప్పుడు ఎవరి కిటికీలోంచి మంచు తెప్పిస్తారు?" ఆమె బల్ల ముందు కూర్చుని, కీబోర్డు దగ్గరికి లాక్కుని, నూట యాభై చెరిపి నూట పది పెట్టింది. "ఎనిమిది నిమిషాలు కాదు, పది పడుతుంది. రోజంతా నడిపినా పది. పొద్దుటికీ సాయంత్రానికీ మాట మారదు. వాళ్ళకి అదే చెబుతాను. ఇష్టమైతే కొంటారు."

"వద్దంటే?"

"తెలియదు," అంది ఇల్కా. ఊవె కిటికీ వైపు అడుగేశాడు. రోస్‌విటా అంతకంటే ముందే వెళ్ళి, శాలువా భుజాన వేసుకుని, కిటికీకి వీపు ఆనించి నిలబడింది.

"ఒంటిగంట గాలి నీ పరీక్షలోనే అయిపోయింది. ఇంక రేపు పదింటికే."

"రోస్‌విటా, నేను ఈ కంపెనీ యజమానిని!"

"అయితే? నీకు మాత్రం బూజు పట్టదా?"

కింద గంట మోగింది. ఊవె కిటికీ అద్దంలోంచి తొంగిచూసి తెల్లబోయాడు. సినిమా కంపెనీ కారు. మూడింటికని చెప్పినవాళ్ళు రెండు గంటలు ముందే వచ్చేశారు. మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరయింది. గుడ్రున్ కుర్చీలో కదల్లేదు. తలుపు కొద్దిగా తెరుచుకుంది. ముందు రెండు చుట్లు తిప్పిన మఫ్లరు, దాని పైన భయం భయంగా చూస్తున్న ఒక మొహం లోపలికి వచ్చాయి.

"నమస్కారం," అన్నాడు ఆ వచ్చినాయన, మెడ తిప్పకుండా. "ఒక్క మాట. కిటికీలన్నీ మూసే ఉన్నాయి కదా?"

"మూసే ఉన్నాయండీ," అంది ఇల్కా, మీట మీద వేలు పెడుతూ. "రండి, కూర్చోండి."